పాడేదెవరో చెప్పు తాతా

కరెంటు పోయింది.

ఫ్యాను రెక్కలు ఇంకో నాలుగు చుట్లు తిరిగి ఉసూరుమంటూ ఆగాయి. వెలిగండ్ల. మే నెల రాత్రి ఎనిమిదిన్నర. గాలి లేదు. వేపాకు కదలడం లేదు. పగలంతా ఎండ తాగిన నాపబండలు ఆ వేడిని మెల్లమెల్లగా బయటికి కక్కుతున్నాయి. గడప పక్కన మంచినీళ్ళ క్యాను సగానికి దిగింది. ఎదురింటి వాకిట్లో ఎవరో అట్టముక్కతో విసురుకుంటున్న చప్పుడు, సందు చివర ఓ కుక్క మొరుగు, ఎక్కడో బోరింగు కొడుతున్న కిర్రుకిర్రు, దాని వెనకాల చీకటి, ఆ చీకటి వెనకాల కొండల నల్లటి గీత, అన్నీ ఒక్కసారిగా ఇంటి దగ్గరికి జరిగొచ్చాయి.

తాత నులకమంచాన్ని వాకిట్లోకి ఈడ్చుకున్నాడు. మనవడు అరుగు మీద కూర్చుని సెల్లు చూసుకున్నాడు. చార్జింగు 11 శాతం.

"ఏదన్నా పాట పెట్టరా అబ్బయ్యా. ఉబ్బ మర్చిపోతాం."

మనవడు హైదరాబాద్ నుంచి మూడు రోజుల సెలవు మీద వచ్చాడు. తాతకి ఏం పెట్టాలో వాడికి తెలుసు. ఘంటసాల. కాదంటే పాత నాటకాల పద్యాలు. చుట్టుపక్కల ఊళ్ళలో తెల్లవార్లూ నాటకాలకి హార్మోనీ వాయించిన చెయ్యి అది. అయినా వాడి బొటనవేలు ఆ రాత్రి ఇంకో పాట మీద ఆగింది.

ముందు ఏదో పెద్ద కట్టడంలో మనుషుల అలికిడి. తర్వాత మగ గొంతులు. వాయిద్యం లేదు. ఒక గొంతు కింద ఇంకో గొంతు, దాని కింద మరోటి, రాయి మీద రాయి పేర్చినట్టు. తాత చెయ్యి అలవాటుగా తాళం కోసం తొడ మీదికి పోయింది. తాళం దొరకలేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏ భాషరా ఇది?"

"ఐస్లాండు."

"యాడుంది?"

"పైన. ఉత్తర ధ్రువం పక్కన. అంతా మంచే. కొండల్లోంచి నిప్పు వస్తది."

తాత ఇంకాసేపు విన్నాడు. "దేవుడి పాటే గందా?"

మనవడు తలెత్తి చూశాడు. ఆ సంగతి వాడు చెప్పనేలేదు.

అది దేవుడి పాటే. 1208 నాటిది. ఇక్కడ ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులు. అక్కడ ఐస్లాండు ఉత్తరాన కోల్బెయిన్ టూమాసన్ అనే నాయకుడికీ, ఒక బిషప్పు పక్షానికీ వైరం ముదిరింది. తెల్లారితే యుద్ధం. ఆ ముందురోజు, ఆకాశాన్ని మలిచినవాడా, నా మొర విను అంటూ అతను ఈ ప్రార్థన అల్లాడని ఐస్లాండు వాళ్ళు చెప్పుకుంటారు. యుద్ధంలో తలకి రాయి తగిలి పోయాడు. మాటలు మిగిలాయి. 1973లో థోర్కెల్ సిగుర్‌బ్యోర్న్‌సన్ అనే స్వరకర్త వాటికి ఇప్పటి బాణీ కట్టాడు. 2013లో ఆర్‌స్తీథిర్ అనే ఐస్లాండు బృందం జర్మనీలో కచేరీ ముగించుకుని, వుప్పర్టాల్ రైల్వే స్టేషన్లో నిలబడి ఊరికే ఈ పాట ఎత్తుకుంది. ఎవరో సెల్లులో పట్టారు. ఆ భాషలో ఒక్క ముక్క రాని లక్షల మంది ఆ రైల్వే స్టేషను పాటకి దాసోహమన్నారు.

"ఎట్టా కనిపెట్టావు తాతా?"

"గొంతు పైకి విసరట్లా చూడు. తల దించుకుని అడుగుతున్నారు."

పాట అయిపోయింది. బోరింగు చప్పుడు కూడా ఆగింది. మనవడు తెర మీద ఇంకేదో వెతికాడు, దొరికింది, సెల్లు బోర్లా తిప్పి అరుగు మీద పెట్టాడు.

"ఇప్పుడు ఇంకోటి పెడతా. పాడేదెవరో నువ్వే చెప్పాలి."

చార్జింగు 9 శాతం.

తంబూరా మోగింది. తాత లేచి కూర్చున్నాడు. మగ గొంతు. బరువైనది. తొందర లేనిది. మెట్లు దిగుతున్న మనిషి చేత్తో గోడ తడుముకున్నట్టు స్వరాన్ని తడుముతూ దిగుతోంది. మొదటి మాట పూర్తిగా పడకముందే తాత నోరు తెరిచాడు.

"శ్రీరాగం."

ఆ తర్వాత మాట పడింది. ఎందరో మహానుభావులు. త్యాగరాజు పంచరత్నాల్లో అయిదోది. వీధిలో ఒక మోటారుసైకిలు లైటు గోడ మీదుగా జారిపోయింది. తాత దాని వంక చూడలేదు. ఇందాక దొరకని తాళం ఇప్పుడు దొరికింది. అరచెయ్యి, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. ఆది తాళం. ఎనిమిది క్రియలు. తొడ మీద మెత్తగా పడుతున్నాయి.

"అరవాయన. పాత తరం మనిషి."

"కాదు."

"కాదా? ఆ గమకం చూడు. వాళ్ళదే. కావేరి నీళ్ళు తాగిన గొంతు."

"కాదు తాతా."

తాత కనుబొమలు దగ్గరికొచ్చాయి. తొందరపడే మనిషి కాదు. నాటకంలో ఎవరు శ్రుతి తప్పుతారో తెర లేవకముందే చెప్పేవాడని ఊళ్ళో పేరు. ఈసారి చెవి సెల్లు దగ్గరికి వంచాడు. మాట మీద ధ్యాస పెట్టాడు.

అరవ లిపిలో ప, బ, భలకి ఉన్నది ఒకే అక్షరం. తెలుగు కృతిని ఆ లిపిలో రాసుకుని నేర్చుకున్నవాళ్ళకి గురువు నోరే దిక్కు. ఎంత గొప్ప గాయకుడైనా ఎక్కడో ఒకచోట ఒత్తు జారుతుంది, గకారం కకారమవుతుంది, మనం విననట్టు నటిస్తాం. (నటించకేం చేస్తాం? ఆ పాటల్ని అంత భద్రంగా దాచిపెట్టింది వాళ్ళే గదా.) తాత ఆ జారుడు కోసమే కాచుకున్నాడు.

"మాట మింగట్లా," అన్నాడు కాసేపటికి. "అక్షరం అక్షరం ముట్టుకుంటా పాడుతున్నాడు. మనోడేనా?"

"ఉహుఁ."

"అరవాయన కాక, మనోడూ కాక, మరెవడ్రా?"

కంభం చెరువు దాటి అర్ధవీడు వైపు పోతే నల్లమల పక్కన కాకర్ల అనే ఊరు. తెలుగువాళ్ళలో చాలామందికి ఆ పేరు ఊరిపేరుగా తెలియదు, ఇంటిపేరుగా తెలుసు. కాకర్ల త్యాగబ్రహ్మం. ఆ ఇంటిపేరు ఈ ఊరిదే. ములకనాటి బ్రాహ్మణ కుటుంబం. విజయనగరం చెదిరాక బతుకు వెతుక్కుంటూ దక్షిణానికి, తంజావూరు వైపు కదిలిపోయారని చెబుతారు. 1767 మే 4న తిరువారూరులో రామబ్రహ్మం, సీతమ్మలకి పుట్టిన పిల్లాడు కాకర్లని చూసి ఎరగడు. వీధిలో అరవం, కోటలో మరాఠీ, ఇంట్లో మాత్రం తెలుగు. పశ్చిమ ప్రకాశం మెట్ట నుంచి తరాల కింద మూటగట్టుకుపోయిన ఆ ఇంటి మాటని తిరువయ్యారులో కావేరి ఒడ్డున ఒక మనిషి విప్పి, రాముడి ముందు పెట్టి, రాగం తొడిగి, శిష్యుల నోట్లో వేసి వదిలితే అది మద్రాసు పోయింది, మైసూరు పోయింది, సముద్రం కూడా దాటింది.

సముద్రం దాటింది. అసలు సంగతి అక్కడే ఉంది.

చార్జింగు 7 శాతం. మనవడు సెల్లు వెల్లకిలా తిప్పాడు.

తాత దిండు కింద కళ్ళద్దాల కోసం తడుముకున్నాడు. పెట్టుకున్నాడు. తెర వెలుగు ఆయన ముడతల మీద నీలంగా పడింది. బొమ్మలో ఒక తెల్లాయన. తాత బొమ్మని చూశాడు, మనవణ్ణి చూశాడు, మళ్ళీ బొమ్మని చూశాడు.

"పరాచికాలాడబాక."

"నిజం తాతా. జాన్ హిగ్గిన్స్. అమెరికా."

"ఆ బొమ్మ ఎవరో తగిలించి ఉంటారు. పాట ఇంకొకళ్ళది."

"కాదు తాతా. ఆయనే."

పాట చరణాల్లోకి దిగింది. ముందు స్వరం, వెంటనే అదే నడకకి సాహిత్యం. తాత తాళం వేస్తున్న చెయ్యి మాత్రం ఆపలేదు. నమ్మకం కుదరని మనిషి ముఖం, నమ్మేసిన మనిషి చెయ్యి.

"ఎట్టా?" అన్నాడు. "ఎట్టా వచ్చిందిరా ఆ నోటికి?"

అది చెప్పాలంటే మంచు కురిసే ఊరికి పోవాలి.

మసాచుసెట్స్ రాష్ట్రం, ఆండోవర్. 1939 సెప్టెంబరు 18న పుట్టాడు జాన్ బోర్త్‌విక్ హిగ్గిన్స్. తండ్రి అక్కడి ఫిలిప్స్ అకాడమీలో ఇంగ్లీషు పంతులు. తల్లి అక్కడే సంగీతం చెప్పేది. ఆ ఇంటి గోడల మధ్య పియానో తెలుసు, చర్చి పాట తెలుసు. శ్రీరాగం తెలిసే దారి లేదు.

దారి కనెక్టికట్‌లో దొరికింది. మిడిల్‌టౌన్ అనే చిన్న ఊరు, అందులో వెస్లియన్ యూనివర్సిటీ. కుర్రాడు సంగీతం, చరిత్ర రెండూ చదివి 1962లో డిగ్రీ పుచ్చుకున్నాడు. అప్పటికే అక్కడికి రాబర్ట్ బ్రౌన్ అనే అధ్యాపకుడు చేరాడు. మృదంగం మీద పరిశోధన చేసినవాడు. ప్రపంచంలో ఎవరి సంగీతాన్నయినా పుస్తకంలో చదవడం కాదు, ఆ సంగీతపు మనిషి ముందు కూర్చుని నేర్చుకోవాలన్నది ఆయన పట్టు. ఆ పట్టు మీదే మద్రాసు నుంచి మృదంగ విద్వాంసుడు టి. రంగనాథన్‌ని మిడిల్‌టౌన్‌కి రప్పించారు.

బయట చలికి చెట్లు ఎముకల్లా నిలబడి ఉంటే లోపల నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న అమెరికా పిల్లలు నోటితో తకధిమి అంటున్నారు. ఆ గుంపులో ఒకడికి అది పాఠంగా మిగల్లేదు. వ్యసనమైంది.

రంగనాథన్ మామూలు ఇంటి బిడ్డ కాదు. నాట్యాన్ని ఏలిన బాలసరస్వతికి తమ్ముడు. వేణువు విశ్వనాథన్‌కి అన్న. ముగ్గురికీ అమ్మమ్మ వీణ ధనమ్మాళ్. మద్రాసు జార్జిటౌన్‌లో శుక్రవారం సాయంత్రాలు ఆమె వీణ వాయిస్తుంటే పెద్ద పెద్ద విద్వాంసులు కిక్కురుమనకుండా కూర్చునేవారు. ముసలితనంలో కళ్ళు పోయాయి. వేళ్ళు పోలేదు. ఆ ఇంటి అసలు ఆస్తి ఏమిటో తెలుసా? తెలుగు. మన మువ్వ క్షేత్రయ్య పదాలు, తెలుగు జావళీలు. పుట్టిన గడ్డ మీద మనం మర్చిపోతున్న పదాల్ని అరవదేశంలో ఆ ఆడవాళ్ళు తల్లి నుంచి బిడ్డకి, నోటి నుంచి నోటికి అందించుకుంటూ కాపాడారు. అమెరికా కుర్రాడు వెళ్ళి తట్టబోయింది సరిగ్గా ఆ తలుపునే.

ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనం వచ్చింది. మద్రాసు. ఎండ, చెమట, సాంబారు వాసన, మైలాపూరు గుడి గంటలు. గురువు విశ్వనాథన్. వేణువు వాయించేవాడు, మధ్యలో ఆపి పాడి చూపేవాడు. ఆ సంప్రదాయంలో ముందు నోరు పలకాలి, తర్వాతే వేలు. ఇంగ్లీషు నాలుకకి త వేరు, ట వేరు అని తెలియదు. ద, డ అసలు పట్టవు. ళ, ణ గురించి చెప్పనే అక్కర్లేదు. పియానో మీద పెరిగిన చెవికి స్వరమంటే మెట్టు. ఇక్కడ స్వరమంటే ఊయల. నిలబడినట్టే ఉంటుంది, ఊగుతూనే ఉంటుంది. శ్రీరాగంలో గాంధారం మరీ మాయలాడి, ఆరోహణలో కనపడదు, అవరోహణలో ఇట్టే మెరిసి మాయమవుతుంది, దాన్ని పట్టుకోబోయిన చెయ్యి ఖాళీగా వెనక్కొస్తుంది, మళ్ళీ పొద్దున్నే కూర్చోవాలి, మళ్ళీ తంబూరా, మళ్ళీ అదే సంగతి, మళ్ళీ మొదట్నుంచి.

ఏళ్ళు పట్టాల్సిన చదువు. కానీ ఆ కుర్రాడు అందుకున్న వేగానికి మద్రాసే నోరు తెరిచింది. ఇంతలో ఎవరూ ఊహించని పిలుపు. తిరువయ్యారు.

"తిరువయ్యారులోనా?" తాత మంచం కిర్రుమంది. "ఆరాధనలోనా?"

"ఆరాధనలోనే."

చార్జింగు 5 శాతం.

తిరువయ్యారు అంటే మాటలు కాదు. 1847లో త్యాగరాజు సిద్ధిపొందిన చోటు. ఏటా పుష్య బహుళ పంచమి నాడు దక్షిణాది సంగీతమంతా అక్కడ నేల మీద కూర్చుంటుంది. పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ ఒకే ఇసకలో. ఎవరికైనా దొరికేది కొద్ది నిమిషాలే. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మందికి ఆ కృతులు నిద్రలో కూడా వచ్చు. తప్పు దాచుకునే చోటు కాదది.

పైగా ఆ వేదిక ఎక్కడం ఎవరికీ తేలిగ్గా దొరకలేదు. ఒకప్పుడు ఆ సమాధి ముళ్ళపొదల్లో పాడుబడి ఉండేది. దాన్ని నిలబెట్టింది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసీ. సొంత సొమ్ము పోసి స్థలం కొంది, గుడి కట్టించింది. కట్టించిన గుడి ముందు పాడటానికి ఆడదానికి చోటు లేదన్నారు. ఆమె ఊరుకుంటుందా? ఆడవాళ్ళని పోగేసి వేరే బృందం నిలబెట్టింది. చివరికి ముఠాలన్నీ ఒక్కటయ్యాక ఆడవాళ్ళకీ చోటు దక్కింది. ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని 1910లో అచ్చువేయించి తెల్లదొరల నిషేధం తెచ్చుకున్నదీ ఈ నాగరత్నమ్మే. ఆ నిషేధాన్ని తర్వాత ఎత్తేయించింది ఎవరు? టంగుటూరి ప్రకాశం పంతులు. వెలిగండ్లకి ఇన్నేళ్ళూ జిల్లా పేరుగా నిలిచిన పంతులుగారే. నాగరత్నమ్మ 1952లో కన్నుమూసింది. ఇప్పటికీ ఆమె సమాధి త్యాగరాజు సమాధికి ఎదురుగానే ఉంది.

ఆమె పోయి పుష్కరం దాటింది. 1960ల నడుమ ఒక పుష్యమాసం. కావేరి మీద నుంచి చల్లగాలి. పందిరి కింద ఇసక వేస్తే రాలని జనం. కర్పూరం, మల్లెపూలు, ఫిల్టరు కాఫీ, చెమట, అన్నీ కలిసిన వాసన. ఒక విద్వాంసుడు లేచాడు, ఇంకొకరు కూర్చున్నారు. మళ్ళీ ఒకరు లేచారు.

తర్వాత వచ్చి కూర్చున్నది తెల్లవాడు.

పందిట్లో గుసగుస పుట్టింది. వెనక వరసల్లో మెడలు సాగాయి. తమాషా చూద్దామనుకున్నవాళ్ళు ఉండకపోరు. దొర పాడతాడట, చూద్దాం పదండి అన్న రకం. పాతికేళ్ళ కుర్రాడి ఎదుట త్యాగరాజు సమాధి, సమాధి ఎదుట నాగరత్నమ్మ, చుట్టూ ఆ పాటల్లో పుట్టి పెరిగిన వేలమంది, వీపు వెనకాల తంబూరా రొద, గొంతులో ఎండిన తడి, నోట్లో తనది కాని భాష. ఇక వెనక్కి తిరిగే దారి లేదు.

శ్రుతి కుదిరింది. నోరు తెరిచాడు.

గుసగుస ఆగింది. మొదట ముందు వరస. తర్వాత దాని వెనక వరస. రాగం వచ్చింది. మాట వచ్చింది, విరగకుండా వచ్చింది. తమాషా చూడ్డానికి సాగిన మెడలు తాళానికి ఊగడం మొదలుపెట్టాయి. ఒక్కసారి తొడ మీద చెయ్యి పడ్డాక ఇక పాడేవాడి తోలు రంగుతో పనేముంది? పాట ముగిసేసరికి జేజేలు. కొద్ది నిమిషాలే. కానీ తిరువయ్యారు నుంచి మద్రాసుకి తిరిగెళ్ళింది ఫుల్‌బ్రైట్ విద్యార్థి కాదు.

జనం ఆయనకి ఇంకో పేరు పెట్టేసుకున్నారు. హిగ్గిన్స్ భాగవతార్.

అరవదేశంలో భాగవతార్ అంటే ఊరికే వచ్చే మాట కాదు. పాటే బతుకైన మనిషికి దక్కే గౌరవం. సర్టిఫికెట్ మీద అచ్చువేసి ఇస్తే వచ్చేది కాదు, వినేవాళ్ళ నోట పుట్టాలి. ఆ పేరే రికార్డుల అట్టల మీదికెక్కింది.

తాత నవ్వాడు. ఆ రాత్రి మొదటిసారి.

"భాగవతారు. అట్టాగా!" ఆ మాటని నోట్లో వేసుకుని చప్పరించినట్టు మళ్ళీ అన్నాడు. "అమెరికా భాగవతారు."

ఎదురింటామె అట్టముక్క ఆపి వాకిట్లోంచి కేకేసింది. "ఎవురు పెదనాయనా పాడేది? బాగుంది."

"నువ్వే చెప్పు చూద్దాం," అన్నాడు తాత. మనవడి ఆట ఇప్పుడు ఆయన ఎత్తుకున్నాడు.

ఆమె వీధి దాటి వచ్చింది. అరుగు అంచున చతికిలబడింది. చీర కొంగుతో ముఖం తుడుచుకుని చెవి పెట్టింది. "తిరుపతి కొండ మీద పాడే ఆయనా?" తాత సమాధానం చెప్పలేదు. ఆమెకి కూడా ఆ తర్వాత సమాధానం అక్కర్లేకపోయింది. ముగ్గురి మధ్య నీలం వెలుగు, ఆ వెలుగులోంచి ఎప్పుడో పోయిన మనిషి గొంతు.

చార్జింగు 3 శాతం.

"ఈ పాటకి ఒక కథుందిరా," అన్నాడు తాత గొంతు తగ్గించి. "నీకు తెలుసా?"

మనవడికి తెలియదు. సెల్లులో ఉన్నవన్నీ తెలుసు, ఇది తెలియదు.

"మలయాళం నుంచి ఒకాయన వచ్చాడంట త్యాగయ్యగారింటికి. గోవింద మరారని. ఆరు కాలాల్లో పాడగలడంట. షట్కాల గోవిందుడనేవాళ్ళు. మనం రెండో కాలం పోయేసరికే రొప్పుతాం. శిష్యులందరూ కూర్చోనున్నారు. ఆయన జయదేవుడి అష్టపది ఎత్తుకున్నాడు. ఒక కాలం అయింది. రెండు. మూడు. ఇంకా పైకి పోతానే ఉన్నాడు. త్యాగయ్యగారు అట్నే కూర్చుండిపొయ్యాడు. లోకమంతా తనకి మొక్కుతుంటే, ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి ఇంటికొచ్చి ఇట్టా పాడాడు. అప్పుడు ఆయన నోట వచ్చిందీ, శిష్యుల చేత పాడించిందీ ఈ కృతేనంటారు."

మనవడు కాసేపు మాట్లాడలేదు. చరణం ఇంకో మెట్టెక్కింది.

"అంటే తాతా, ఈ పాట పుట్టిందే..."

"ఊఁ. పరాయి ఊరాయన పాట విని." తాత వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "విను."

విన్నారు. ఆ గొంతు ఎక్కడికి పోయిందో, ఎట్లా ఆగిందో మనవడికి తెలుసు. తాత అడిగేదాకా చెప్పకూడదనుకున్నాడు.

తాత అడిగాడు. "ఇప్పుడున్నాడా?"

అమెరికా తిరిగెళ్ళాక హిగ్గిన్స్ ఊరికే కూర్చోలేదు. 1971లో కెనడా పోయి టొరంటోలోని యార్క్ యూనివర్సిటీలో మృదంగ విద్వాంసుడు తిరుచ్చి శంకరన్‌తో కలిసి కర్ణాటక సంగీతానికి పీఠం వేశాడు. భరతనాట్యపు సంగీతం మీద రాసిన పరిశోధనకి 1973లో వెస్లియన్ డాక్టరేటు ఇచ్చింది. 1978లో ప్రొఫెసరుగా ఆ మిడిల్‌టౌన్‌కే తిరిగొచ్చాడు. మధ్యమధ్యలో మద్రాసు. సభలు, రికార్డులు. దక్షిణ భారతం ఆయనకి అత్తగారిల్లయిపోయింది. తంబూరా పట్టుకుని ఎప్పుడు దిగినా పీట వేసేవారు.

1984 వచ్చింది. మంచి ఏడు కాదది. ఫిబ్రవరి 9న మద్రాసులో బాలసరస్వతి పోయింది.

డిసెంబరు 7. మద్రాసులో సీజను దగ్గరపడింది. సభలకి పందిళ్ళు లేచే రోజులు, ఎవరు ఎక్కడ పాడతారో జనం జాబితాలు రాసుకునే రోజులు. మిడిల్‌టౌన్‌లో చలి. చెట్లకి ఆకు లేదు. వయసు 45. గాయకుడి గొంతుకి అది మధ్యాహ్నం కూడా కాదు, పొద్దెక్కుతున్న వేళ. హిగ్గిన్స్ తన పెంపుడు కుక్కని తీసుకుని నడకకి బయల్దేరాడు. రోడ్డు మీదికి వచ్చాడు. వెనకాల ఎక్కడో ఒక కారు. నడిపేవాడు తాగి ఉన్నాడు.

కారు గుద్దింది. ఆగకుండా పోయింది.

వెలిగండ్ల వాకిట్లో ఎవరూ మాట్లాడలేదు. ఎదురింటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సెల్లులో ఆయన ఇంకా పాడుతూనే ఉన్నాడు. అదొక వింత. తాత, ఎదురింటామె ఆయన చావు ఇప్పుడే విన్నారు, ఆయన మాత్రం తొణక్కుండా తర్వాతి చరణంలోకి పోయాడు. తాత చెయ్యి అలవాటుగా లేచింది, పడింది. అరచెయ్యి, చిటికెనవేలు, ఉంగరపువేలు...

తెర చీకటైంది.

చరణం మధ్యలో తెగిపోయింది. తాత చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. సందు చివర కుక్క రెండుసార్లు మొరిగి మానుకుంది.

"అబ్బయ్యా."

"ఊఁ."

"ఆ కుక్కేమయిందిరా?"

మనవడు నోరు తెరిచాడు. మూశాడు. ఎదురింటామె కూడా వాడి వంకే చూస్తోంది, జవాబు వాడి జేబులో ఉన్నట్టు.

అప్పుడే కరెంటు వచ్చింది. వీధంతా ఒక్కసారి హమ్మయ్య అంది. ట్యూబులైటు నాలుగుసార్లు కొట్టుకుని వెలిగింది. లోపల ఫ్యాను మూలిగి, కదిలి, అందుకుంది. ఎదురింటామె లేవబోయి లేవలేదు.

"లోపలికి రా తాతా. ఫ్యాను కింద మంచమేస్తా."

"ముందు దానికి చార్జింగు పెట్టు," అన్నాడు తాత. "యాడ ఆగిందో ఆడ్నించి కాదు. మొదట్నించి."

మనవడు లోపలికెళ్ళి తలుపు పక్కన గోడకున్న ప్లగ్గులో వైరు గుచ్చాడు. వెనకాల నాపబండల మీద కర్రకాళ్ళు గీరుకుంటున్న చప్పుడు. తాత మంచాన్ని తనే ఈడ్చుకొస్తున్నాడు, ఫ్యాను వైపు కాదు, ప్లగ్గు వైపు.